డెల్టా దారులలో దూర సైకిలు యాత్ర

కృష్ణా పశ్చిమ డెల్టాలో సైకిలు నెరుగని కుటుంబము లేదు. తెల్లవారకముందే పాలబిందెలను ఇరుప్రక్కల వ్రేలాడదీసికొని పట్టణము చేరు పాలవాడును, ఉత్తరముల సంచిని హ్యాండిలుకు తగిలించుకొని చివరి పల్లెలోని చివరి యింటి దాక పోవు తపాలా బంట్రోతును, కాలువగట్టు వెంబడి పొరుగూరి బడికి పోవు పంతులుగారును, కళాశాల చదువునకై ప్రతిదినము ఎనిమిదేసి మైళ్ళు వచ్చిపోయిన రైతుబిడ్డయును ఈ రెండు చక్రముల మీదనే తమ బ్రతుకులను నడుపుకొనిరి. గంటకింత యని అద్దె చెల్లించి సైకిలు నేర్చుకొన్నవారును, దీపము లేక రాత్రివేళ తొక్కినందులకు జరిమానా కట్టినవారును మన పెద్దలలో నేటికిని ఎందరో కలరు. అయినను, నిత్యము సైకిలు తొక్కువారు సయితము ఒక్క దినమున నూరు కిలోమీటర్లు పోవలెననిన వెనుకాడుచుందురు. కాలిలో అంత బలము లేదేమో యను శంకయే దీనికి కారణము. దూరప్రయాణము కాలి బలము మీద కంటె ముందుచూపు మీదను, నిదానము మీదను ఎక్కువగ ఆధారపడియుండును. సామాన్యమైన ఆరోగ్యము కలిగి, వారమునకు కొన్ని గంటలు వెచ్చింపగల వారెవ్వరైనను దానిని సాధింపవచ్చును.

ఈ విద్య నభ్యసించుటకు తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములను కలుపు త్రికోణము కంటె తగిన చోటు మన తీరమున అరుదు. తెనాలిలో బయలుదేరి చుండూరు, మోదుకూరు వైపుగ నిడుబ్రోలు, పొన్నూరు చేరి, అప్పికట్ల మీదుగ బాపట్లకు పోవుట మొదటి భుజము. బాపట్ల నుండి 216వ నంబరు జాతీయ రహదారి పట్టి, కర్లపాలెము, చెరుకుపల్లి దాటి రేపల్లె చేరుట రెండవది. రేపల్లె నుండి భట్టిప్రోలు, వేమూరు మీదుగ తిరిగి తెనాలి చేరుట మూడవది. ఎంచుకొన్న దారిని బట్టి కొంత హెచ్చుతగ్గులున్నను, మొత్తము మీద సుమారు 130 కిలోమీటర్లగును. క్రొత్తగ దూరమునకు సాహసించువారికి ధైర్యము కలిగించు విశేషమొకటి ఇందు కలదు. తెనాలి, బాపట్ల పట్టణములు రెండును విజయవాడ చెన్నై రైలుమార్గము మీద నున్నవి. రేపల్లెయో, తెనాలి నుండి 1916లో వేసిన శాఖామార్గపు చివరి స్టేషను. అలసినవాడు సైకిలును తెలిసినవారి యింట నుంచి, రైలెక్కి యిల్లు చేరవచ్చును. వెనుకకు దారి కలదని తెలిసినవానికి ముందుకు పోవుటకు బెదురుండదు.

ఒక దినమున ఇంత దూరము సైకిలుపై పోవుట వింతయైన కార్యమనుకొనరాదు. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు సమాన చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల సైకిలును 1885లో సిద్ధపరచెను. 1888లో డన్‌లప్ సైకిలునకు తగిన గాలి టైరును సిద్ధపరచెను. ఆ పిమ్మట మూడేండ్లకే, 1891లో, ఫ్రాన్సు దేశమున పారిసు నుండి సముద్రతీరమందలి బ్రెస్టు నగరమునకు పోయి మరల పారిసు చేరు 1200 కిలోమీటర్ల పందెము జరుగగా, షార్ల్ తెరోఁ అను నతడు మూడు పగళ్ళు, మూడు రాత్రులు నిద్ర లేక తొక్కి గెలిచెను. మన దేశమునకు వచ్చినచో, 1923 అక్టోబరులో బొంబాయి నుండి బయలుదేరిన పారసీ యువకులలో ఆదీ హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుమ్ భూమ్‌గారా అను మువ్వురు ఎడారులును, అడవులును, మంచు కొండలును దాటి, 71,000 కిలోమీటర్లు ప్రపంచము చుట్టి 1928 మార్చిలో ఇల్లు చేరిరి. తెలుగునాట పుచ్చలపల్లి సుందరయ్యగారు (1913-1985) ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడై యున్న దినములలోను, పిమ్మట హైదరాబాదులో శాసనసభ్యుడై యున్నప్పుడును సైకిలు మీదనే సభకు పోవుచుండిరి. ఆ దృశ్యమును చూచినవారు సైకిలు పేదవాని నిస్సహాయతకు గుర్తు కాదనియు, స్వశక్తి మీద నిలుచువాని గౌరవమునకు గుర్తనియు గ్రహించిరి.

నేడు దూరప్రయాణమును ఒక క్రమమున నభ్యసించువారికి బ్రెవేలను పరీక్షలు కలవు. ఫ్రాన్సులో 1904లో వెలసిన ఆడాక్స్ క్లబ్ పారిజియన్ నియమములను బట్టి మన దేశమున ఆడాక్స్ ఇండియా రాండొన్యూర్స్ అను సంస్థ వీనిని నడుపుచున్నది. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలోను, 300 కిలోమీటర్లను ఇరువది గంటలలోను, 400 కిలోమీటర్లను ఇరువదియేడు గంటలలోను, 600 కిలోమీటర్లను నలువది గంటలలోను పూర్తిచేయవలెను. వీనిలో మొదటి రెండవ స్థానములు లేవు. నిర్ణీత కాలములోపల చేరినవారందరును సమానులే. దారిలో నియమిత స్థలములయందు కార్డు మీద ముద్ర వేయించుకొనుచు, తన ఆహారమును తానే చూచుకొని, తన పంక్చరును తానే వేసికొని చేరవలెను. ఈ గడువులను భాగించి చూచినచో గంటకు సుమారు 15 కిలోమీటర్లు మాత్రమే, అదియును విశ్రాంతికాలముతో కలిపి. పాలవాని సైకిలు వేగము కంటె ఇది మిక్కిలి యెక్కువ కాదు. నిలుకడయే ఇందు పరీక్షింపబడును.

ఇక మన త్రికోణమునకు వత్తము. డెల్టాలో కొండలు లేవు, కావున తొక్కుట సులభమని చాలమంది తలచుచుందురు. ఇది సగము సత్యము. కొండదారిలో ఎక్కుటకు శ్రమించినవానికి దిగునప్పుడు విశ్రాంతి లభించును. కాళ్ళు ఆగును, వెన్ను నిటారగును, వేళ్ళు సడలును. సమతలమున అట్టి విరామము లేదు. ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు కాళ్ళు ఒకే తీరున ఆడుచు, దేహము ఒకే భంగిమలో నుండి, సీటు తాకుచోటును, హ్యాండిలు తాకుచోటును ఒకే భారమును మోయవలెను. పైగా ఇచ్చట కొండకు బదులు గాలి కలదు. గాలి లేనివేళ గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవువానికి గాలి ఆ 20 వేగముననే యెదురగును. ఎదురుగాలి గంటకు 10 కిలోమీటర్లున్నచో, తన వేగమును నిలుపుకొనదలచువానికి అది 30 వేగమున తగులును. గాలి యడ్డగింపు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును గనుక, ఒకటిన్నర రెట్లైన గాలి రెండుంబావు రెట్ల యడ్డగింపు నిచ్చును. కంటికి కనబడని యీ కొండను వేగముతో జయింపబూనినవాడు గంటలోనే నీరసించును. ఎదురుగాలిలో వేగమును తగ్గించుకొని, తన శ్రమను మాత్రము సమముగ నుంచుకొనువాడు దినమంతయు తొక్కగలడు. దూరప్రయాణ శాస్త్రమునకు ఇదియే మూలసూత్రము: వేగమును గాక శ్రమను సమముగ నుంచుకొనవలెను.

గాలి కదలికలో ఒక క్రమమున్నది. దానిని తెలిసికొన్నవానికి అది మిత్రుడు కూడ కాగలదు. సూర్యుడెక్కిన కొలది నేల సముద్రము కంటె త్వరగ వేడెక్కును; వేడెక్కిన గాలి పైకి పోగా, ఆ చోటును నింపుటకు సముద్రము మీది చల్లగాలి లోపలికి వీచును. పగలు పదకొండు గంటల ప్రాంతమున మొదలై మధ్యాహ్నమునకు బలపడు ఈ గాలి బాపట్ల, రేపల్లె తీరమున ఆగ్నేయము నుండి వచ్చును. తెల్లవారుజామున గాలి దాదాపు నిశ్చలము. కావున తెనాలి నుండి మొదట బాపట్లకు పోయి, అచ్చట నుండి రేపల్లె చేరి, రేపల్లె నుండి వాయవ్యముగ తెనాలికి మరలినచో, అలసటయెక్కువగ నుండు కడపటి భాగమున సముద్రపు గాలి వెన్ను తట్టి ముందుకు నెట్టును. దీనినే తలక్రిందులుగ చేసినవాడు తెలిసి తెలిసి శత్రువు నెదురు తెచ్చుకొన్నవాడగును. మార్గశిర పుష్య మాసములలో ఈశాన్యపు గాలి వీచునప్పుడు బాపట్ల రేపల్లెల నడుమ కొంత యెదురు తప్పదు; ఆ భాగమును ఎండ ముదురకముందే, తొందరపడక దాటవలెను.

కాలనిర్ణయము కూడ ప్రయాణ సన్నాహములలోనిదే. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమములు. వేసవిలో మన తీరప్రాంతమున వేడి కంటె ఉక్క యెక్కువ బాధ పెట్టును. చెమట పట్టినంత మాత్రమున దేహము చల్లబడదు, ఆ చెమట యారినప్పుడే చల్లబడును. గాలిలో తేమ యెక్కువగ నున్నచో చెమట కారిపోవునే గాని ఆరదు. నీరును, ఉప్పును వ్యర్థమై, లోని వేడి లోననే నిలుచును. అక్టోబరు నవంబరులు తుఫానుల కాలము. అవి డిసెంబరులోను రావచ్చును; 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపముననే తీరము దాటెను. కావున శీతకాలారంభమున బయలుదేరువారు వాతావరణ శాఖ ప్రకటనలను చూచి మరీ కదలవలెను. వానలు కురిసిన పిమ్మట కాలువగట్ల మీది నల్లరేగడి మట్టి చక్రమునకును, మడ్‌గార్డునకును నడుమ చేరి బిగిసిపోవును. అప్పుడు సైకిలును తొక్కుటకు వీలుండదు, త్రోయుటకును వీలుండదు, భుజమున మోయవలసినదే.

సైకిలు సంగతి. దూరమునకు ఖరీదైన సైకిలే కావలెనని లేదు. గేర్లు గల తేలిక సైకిలు ఎదురుగాలిలో మిక్కిలి సాయపడునన్న మాట నిజమే. కాని చక్కగ బాగుచేయించిన పాత సైకిలు, బాగుచేయించని క్రొత్త సైకిలు కంటె మేలు. ప్రయాణమునకు రెండు వారముల ముందు ఓవరాలింగు చేయించి, చక్రముల బెండు తీయించి, కోన్లలోని బాల్సు చూపించి గ్రీజు పెట్టించి, అరిగిన బ్రేకు రబ్బర్లను మార్పించవలెను. ముందునాడు చేయించుట తగదు; ఏలయనగా క్రొత్తగ బిగించిన భాగములు కొంతదూరము నడచిన గాని తమ లోపములను బయటపెట్టవు. గొలుసుకు నూనె పూసి, పైకి కనబడు నూనెను గుడ్డతో తుడిచివేయవలెను, లేనిచో దుమ్ము పట్టి గొలుసు అరుగును. టైరు ప్రక్కననే దానికెంత గాలి పట్టవలెనో ముద్రించియుండును. దానిని చదివి గాలి కొట్టించుట మంచిది.

అన్నిటి కంటె ముఖ్యమైనది సీటు ఎత్తు. మనవారిలో చాలమంది దిగినప్పుడు రెండు పాదములును నేల నానవలెనని సీటును మిక్కిలి దించుకొందురు. పక్క వీధికి పోవుటకు ఇది చాలును గాని, నూరు కిలోమీటర్లకు ఇది మోకాళ్ళను హరించును. సరియైన ఎత్తును తెలిసికొనుటకు గోడ నానుకొని సీటుపై కూర్చుండి, పెడలును అట్టడుగునకు తెచ్చి, మడమను దాని మీద నుంచవలెను. కాలు పూర్తిగ చాచుకొని, నడుము ఒక ప్రక్కకు ఒరుగకుండ నున్నచో ఎత్తు సరిపోయినట్లే. ఆ పిమ్మట మడమకు బదులు పాదపు ముందు భాగముతో తొక్కునప్పుడు మోకాలు కొంచెము వంగియుండును. అదియే తగిన వంపు. సీటు మెత్తగ నుండుట కంటె దేహము కొలతకు తగియుండుట మేలు. మిక్కిలి మెత్తని సీటు మొదటి గంట సుఖపెట్టి, తరువాతి గంటలలో తొడలను ఒరసి పుండ్లు చేయును. లోదుస్తుల కుట్లు సీటునకు తగులు చోట నుండరాదు. పావుగంట కొకమారు కొన్ని క్షణములు పెడళ్ళ మీద నిలుచుండి తొక్కుటయు, హ్యాండిలు పట్టును మార్చుచుండుటయు అలవరచుకొన్నచో తిమ్మిరులు రావు.

దారిలో పంక్చరు పడక మానదనియే తలచి సిద్ధపడవలెను. బాపట్ల దగ్గర నేల నల్లరేగడి నుండి ఇసుకకు మారును. ఆ ఇసుక అంచులయందు పల్లేరు తీగలు ప్రాకియుండును. ఎండిన పల్లేరుకాయ ఎట్లు పడినను ఒక ముల్లు పైకి చూచుచుండును. ఒక ట్యూబు, టైరు విప్పు లీవర్లు, చిన్న పంపు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితము సంచిలో నుండవలెను. గాలి దిగగానే టైరును ఒక ప్రక్క రిమ్ము నుండి తప్పించి, ట్యూబు తీసి, గాలి కొట్టి, చెంప దగ్గర నుంచి త్రిప్పినచో చిల్లి తెలియును. తెలియనిచో కాలువ నీటిలో ముంచి బుడగలను చూడవచ్చును. ఆ చోటు గరుకు కాగితముతో గీకి, సొల్యూషన్ పూసి, అది వ్రేలికి అంటుకొననంత వరకు ఆరనిచ్చి, అప్పుడు ప్యాచీ వేసి గట్టిగ నొక్కవలెను. తొందరపడి తడి మీదనే వేసిన ప్యాచీ అరగంటలో ఊడిపోవును. ట్యూబును మరల ఎక్కించుటకు ముందు టైరు లోపలి భాగమంతయు గుడ్డతో నెమ్మదిగ తడిమి చూడవలెను. విరిగిన ముల్లు మొన టైరులో నిలిచియున్నచో, అతికిన ట్యూబునకు మరల చిల్లి పడుట తథ్యము. ఈ పనిని ఇంటి వద్ద నీడలో రెండు మూడు మార్లు చేసి నేర్చుకొన్నవాడు దారిలో ఇరువది నిమిషములలో లేచి పోగలడు.

దేహమును సిద్ధపరచుటకు పది వారములు చాలును. వారమునకు మూడు దినములు తొక్కవలెను. వానిలో రెండు దినములు గంట, గంటన్నర. మూడవది, సామాన్యముగ ఆదివారము, దూరప్రయాణము. మొదటి ఆదివారము 25 కిలోమీటర్లతో మొదలిడి, ప్రతి వారమును కొంచెము కొంచెము పెంచుకొనుచు, ప్రతి నాలుగవ వారమున తగ్గించి, దేహమునకు కోలుకొనుటకు అవకాశమీయవలెను. శ్రమించినప్పుడు కండరములు బలపడవు. శ్రమ పిమ్మటి విశ్రాంతిలో బలపడును. తొమ్మిదవ వారమునకు 95 లేక 100 కిలోమీటర్లు చేరినచో 130కి సిద్ధపడినట్లే. దూరము కొంత పెరిగిన పిమ్మట తెనాలివారు మొదట పొన్నూరు పోయివచ్చుట, తరువాత రేపల్లె పోయివచ్చుట, అటుపిమ్మట బాపట్ల పోయివచ్చుట అను వరుసను పాటించినచో, యాత్రాదినమున దారిలో చాల భాగము పరిచితమై యుండును. కడపటి వారమున మిక్కిలి తక్కువగ తొక్కి, చక్కగ నిద్రపోవలెను. నలుబదేండ్లు పైబడినవారును, మధుమేహము, రక్తపుపోటు, గుండె జబ్బులున్నవారును మొదటి వారముననే వైద్యుని యడిగి, మందుల వేళలను, ఆహారమును నిశ్చయించుకొనవలెను.

ఆహారపానీయముల విషయమున పెక్కుమంది తప్పు దారి పట్టుదురు. కండరములలోను, కాలేయములోను గ్లైకోజెన్ రూపమున నిలువయుండు శక్తి గట్టిగ శ్రమించువానికి రెండు గంటల ప్రాంతమే వచ్చును. అది తరిగిపోయిన పిమ్మట కాళ్ళు రాళ్ళవలె బరువెక్కి, మనస్సు నిరాశలో మునుగును. ఆ స్థితి వచ్చిన తరువాత తినుట కంటె, అది రాకుండునట్లు మొదటి గంట నుండియే కొంచెము కొంచెముగ తినుట వివేకము. ఆకలి వేసినప్పుడు తిందునని యాగుట తగదు. దీనికి దూరదేశపు పొట్లములు అవసరము లేదు. కృష్ణ లంకలలో పండిన అరటిపండ్లు, వేరుసెనగ ఉండలు, ఇడ్లీలు, బెల్లము, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, కొబ్బరి నీరు, ఇవన్నియు దారి పొడవున లభించునవే. బాపట్లలో నేతి పెసరట్టును, నూనె తేలు కూరలను కడుపునిండ భుజించినవాడు కర్లపాలెము చేరునప్పటికి వాని ఫలమును అనుభవించును. క్రొవ్వు పదార్థములు నెమ్మదిగ జీర్ణమగును గనుక వానిని తెనాలి తిరిగి చేరిన పిమ్మటికి వాయిదా వేయుట మేలు. ఆ వేళ బెల్లపు జిలేబీ తినుటకు ఎవ్వరి అనుమతియు అక్కరలేదు.

నీటిని గంటకు అరలీటరు మొదలు ముప్పాతిక లీటరు వరకు, గుక్కలు గుక్కలుగ త్రాగవలెను. చెమటతో నీటివెంట ఉప్పు కూడ పోవుచుండగా వట్టి నీటిని మాత్రమే అమితముగ త్రాగినచో రక్తమందలి సోడియము పలుచబడి, తలనొప్పియు, వాంతియు, మతిభ్రమణమును కలుగును. ఒక లీటరు మరిగించి చల్లార్చిన నీటిలో చదునుగ కొలిచిన ఆరు టీ చెమ్చాల పంచదారయు, అర టీ చెమ్చా ఉప్పును కలిపి, అతిసారమునకు వైద్యులు చెప్పు పానీయమే ఇచ్చటను పనికివచ్చును. రెండు సీసాలు తీసికొని, ఒకదానిలో దీనిని, మరియొకదానిలో మంచినీటిని నింపుకొనవలెను. మూత్రము ముదురు పసుపువన్నెకు తిరిగినచో నీరు చాలలేదని తెలియును.

యాత్రాదినమున తెల్లవారుజామున నాలుగున్నరకు తెనాలి వదలుట మంచిది. ముందు తెల్లదీపము, వెనుక ఎర్రదీపము, వెలుగు తగులగానే మెరయు చొక్కా, తలకు హెల్మెటు తప్పక ఉండవలెను. మొదటి గంట మనస్సు ఉత్సాహముతో ఉరుకును. దానిని అదుపున నుంచుటయే ఆ గంటలోని పని. ప్రక్కవానితో ఆయాసము లేక మాటలాడగలిగినంత నెమ్మదిగ తొక్కవలెను. జనవరిలో పొన్నూరు చేరునప్పటికి మంచుతెర నడుమ తెలతెలవారుచుండును. వరి కోసిన మళ్ళలో మినుపచేలు పచ్చగ పరచుకొనియుండును. కొన్ని చోట్ల జొన్న, మొక్కజొన్న. ఏడు గంటలు దాటిన కొంతసేపటికి బాపట్ల. భావనారాయణస్వామి కోవెల యున్న ఆ పట్టణముననే 1945లో వ్యవసాయ కళాశాల వెలసినది. ఓపిక కలవారు సూర్యలంక సముద్రమును కూడ చూచి రావచ్చును గాని, రాకపోకలకు మరి పదునెనిమిది కిలోమీటర్ల ప్రాంతమగును. మొదటి యాత్రలో వలదు.

బాపట్ల దాటిన పిమ్మట దారి స్వభావము మారును. జాతీయ రహదారి మీద లారీలు వేగముగ పోవును, కావున ఎడమ యంచును పట్టుకొని, ఒకరి వెనుక నొకరుగ, సరళరేఖలో పోవలెను. అకస్మాత్తుగ ప్రక్కకు తిరుగరాదు. తిరుగుటకు ముందు చేయి చాచి తెలుపవలెను. గాలి యెదురైనప్పుడు ముందువాని వెనుక కొద్ది దూరమున పోవువానికి శ్రమ నాలుగవ వంతు వరకు తగ్గును. కావున నలుగురు కలిసిపోవునప్పుడు కొన్ని నిమిషముల కొకరు చొప్పున ముందునకు వచ్చి, గాలిని కాచి, వెనుకకు తప్పుకొనుట న్యాయము. గుంపునకు వేగమును నిర్ణయించువాడు అందరి కంటె నెమ్మదియైనవాడు కావలెను. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీదుగ పోవుట రైతునకు అపకారము, చక్రమునకు జారుడు. దిగి ప్రక్కగ నడచిపోవుట మర్యాద. రైలు గేట్ల వద్ద పట్టాలను ఏటవాలుగ దాటినచో ముందు చక్రము వాని సందులో చిక్కుకొనును. నిటారుగ, అడ్డముగ దాటవలెను.

రేపల్లె చేరుటకు ముందటి గంట ఈ యాత్రలో మిక్కిలి కఠినమైనది. బయలుదేరినప్పటి యుత్సాహము తీరినది, గమ్యము ఇంకను దూరమున నున్నది, ఎండ హెచ్చినది. ఇంత శ్రమ ఎందులకను ప్రశ్న అప్పుడే పుట్టును. ఆ ప్రశ్నకు ఆ నిమిషముననే సమాధానము చెప్పబూనరాదు. నీడలో పావుగంట ఆగి, ఒక పండు తిని, నీరు త్రాగినచో ఆ ప్రశ్న తరచుగ తనంత తానే తొలగిపోవును. ఏలయనగా అది మనస్సుది కాదు, ఆకలిది. మిగిలిన దూరమంతయు తలపెట్టుకొనక, చెరుకుపల్లి వరకు, ఆ పిమ్మట రేపల్లె వరకు అని ఊరు ఊరునకు దారిని విభజించుకొనవలెను. అయితే చెమట పట్టుట ఆగిపోయినను, ఎండలో వణుకు పుట్టినను, తల తిరిగినను, మాట తడబడినను అది దేహము చేయు హెచ్చరిక. వెంటనే ఆగి, నీడన పరుండి, తడిగుడ్డతో మెడను, చంకలను తుడిచి, వైద్యుని చేరవలెను. ఆ దినపు యాత్ర అంతటితో సరి. ఆగవలసినచోట ఆగుట ఓటమి కాదు. మరునాడు మరల తొక్కవలెనను కోరిక కలవాడే ఆ వివేకమును చూపగలడు.

రేపల్లె నుండి తెనాలికి మరలునప్పుడు గాలి వెనుక నుండును గనుక మనస్సు తేలికపడును. దారిలో భట్టిప్రోలు బౌద్ధ స్తూపము వద్ద కొంతసేపు ఆగుట ప్రతి యాత్రికునికిని కర్తవ్యమని నా యభిప్రాయము. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ ఈ స్తూపపు దిబ్బను త్రవ్వించినప్పుడు బయటపడిన ధాతు కరండములమీద బ్రాహ్మీ లిపిలోని శాసనములు కనబడినవి. దక్షిణదేశపు లిపుల చరిత్రలో వానికి ఉన్నతమైన స్థానము కలదు. బస్సులో పోవువాడు ఈ యూరిని పేరుగ మాత్రమే ఎరుగును. సైకిలుపై వచ్చినవాడు తన చెమటతో చేరి, ఆ యిటుకల ప్రక్కన కూర్చుండి, రెండు వేల యేండ్ల క్రిందట వ్యాపారులును, భిక్షువులును సముద్రతీరమునకు నడచిన నేల ఇదియేనని తన కాళ్ళతో తెలిసికొనును. నేల రంగు ఎచ్చట మారెనో, కాలువ ఎచ్చట చీలెనో, ఏ యూరివారు అడిగిన వెంటనే చెంబుతో మంచినీరిచ్చిరో, ఇవియన్నియు గంటకు పదునెనిమిది కిలోమీటర్ల వేగమున పోవువానికే దక్కు విద్యలు. స్వదేశమును తెలిసికొనుటకు ఇంత కంటె చవకయైన సాధనము లేదు.

మధ్యాహ్నము రెండు గంటల ప్రాంతమున తెనాలి చేరినవాడు వెంటనే పరుండరాదు. కొంచెము నడచి, కాళ్ళను సాగదీసి, గంటలోపల అన్నము, పప్పు, పెరుగు తిని, రెండు దినములు విశ్రమించవలెను. ఆ పిమ్మట 200 కిలోమీటర్ల బ్రెవే అతనికి అసాధ్యముగ తోచదు. కిలోమీటరు దూరమునకు సయితము మోటారు బండి నాశ్రయించు నేటి యువతీయువకులకు ఈ విద్యను నేర్పుట పెద్దల బాధ్యత. కాలువగట్ల దారులను బాగుచేయించి, వాని వెంట చెట్లు నాటించి, సైకిళ్ళకు భయము లేని అంచును రోడ్లకు చేకూర్చుట అధికారుల బాధ్యత. తన శక్తిని తాను ఎరుగుట మాత్రము ఎవరికి వారు చేసికొనవలసిన పని. కావున పాఠకులారా, వసారాలో దుమ్ము పట్టియున్న సైకిలును ఈ వారముననే షాపునకు పంపి బాగుచేయించుడు. సీటును మీ కాలి కొలతకు ఎత్తుడు. వచ్చు ఆదివారము తెల్లవారుజామున పొరుగూరి వరకు పోయి రండు. నూరు కిలోమీటర్ల దారికి మొదటి పాఠము అదియే.